గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ పని: కాగితం కొనకండి, పని నేర్చుకోండి

ఈ మధ్య ఒక రైతు తన కొడుకు సర్టిఫికెట్ పట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. ప్లాస్టిక్ తొడుగు వేయించిన నిగనిగలాడే కాగితం. పైన పెద్ద ముద్ర, కింద రెండు సంతకాలు, పక్కన పిల్లవాడి ఫొటో. 'ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్' అని రాసి ఉంది. దానికోసం పాడిగేదెను అమ్మి 22 వేల రూపాయలు కట్టాడట. శిక్షణ రెండు రోజులు. మొదటి రోజు బొమ్మలు చూపించారు. రెండో రోజు పది మంది కుర్రాళ్ళను బండి చుట్టూ నిలబెట్టి ఫొటోలు తీశారు. అంతే, కాగితం చేతికొచ్చింది.

పిల్లవాడు హైదరాబాదు దగ్గర ఒక గోదాముకు పోయాడు. అక్కడి సూపర్‌వైజరు ఆ కాగితం వంక చూడనే లేదు. తాళం చేతికిచ్చి, "ఆ రెండో అరలో ఉన్న సరుకు దించు చూద్దాం" అన్నాడు. పిల్లవాడికి చెమటలు పట్టాయి. "నాకు రాదు సార్" అని తాళం తిరిగి ఇచ్చేసి, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చాడు.

"గేదె పాయె, పనీ పాయె. ఇప్పుడేం చెయ్యాలె?" అని ఆ రైతు అడిగాడు. ఆయన ఒక్కడి ప్రశ్న కాదిది. ఈ పని గురించి మీ ఊళ్ళో కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అసలు ఈ పని ఏమిటి, సర్టిఫికెట్ ఎలా వస్తుంది, ఏది నిజం, ఏది మోసం అన్నది వివరంగా తెలుసుకుందాం.

ఈ పని మనకెందుకు?

రెండెకరాల మెట్ట, అర ఎకరం తరి ఉన్న ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే ఆ భూమి ఇద్దరికీ చాలదు. ఒకరు సేద్యం చూసుకుంటే ఇంకొకరు బయట నాలుగు రూకలు తెచ్చుకోవాలి. ఆ బయట పనుల్లో ఇప్పుడు గోదాముల పని ఒకటి.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అంతకు ముందు కంపెనీలు పన్నుల లెక్క కోసం రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునేవి. జీఎస్టీ తరువాత ఆ అవసరం తగ్గింది. నాలుగు చిన్న గోదాముల బదులు ఒక్క పెద్దది కట్టుకోవడం మొదలైంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు పోయేవారికి మేడ్చల్ ప్రాంతంలో ఈ రేకుల గోదాములు కనిపిస్తూనే ఉంటాయి. శంషాబాద్, శామీర్‌పేట, పటాన్‌చెరు వైపూ ఉన్నాయి. ఆంధ్రలో శ్రీసిటీ దగ్గర, విశాఖపట్నం, కృష్ణపట్నం రేవుల దగ్గర కూడా ఇలాంటి పని దొరుకుతుంది.

పెద్ద గోదాములో సరుకు నేల మీద ఒక్క వరుసలో ఉండదు. ఇనుప అరల మీద మూడు నాలుగు అంతస్తుల ఎత్తున పేరుస్తారు. అంత ఎత్తుకు హమాలీ బస్తా మోసుకొని ఎక్కలేడు. అక్కడ యంత్రం కావాలి, యంత్రం నడిపే మనిషి కావాలి. 40 కిలోల వడ్ల బస్తాలు 25 కలిస్తే టన్ను. హమాలీ 25 సార్లు వీపున మోసే ఆ బరువును ఫోర్క్‌లిఫ్ట్ ఒక్కసారికి లేపుతుంది. ఇందులో బలం కన్నా నిదానం, కంటి చూపు, చేతి అదుపు ముఖ్యం. కాబట్టి ఆడపిల్లలు కూడా ఈ పని చక్కగా చేయగలరు.

ఏ బండి ఏం చేస్తుంది?

అన్నిటినీ ఫోర్క్‌లిఫ్ట్ అని పిలిచినా బండ్లు వేరు వేరు. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టు కాదు.

చేతి పాలెట్ ట్రక్కు: దీనికి ఇంజను లేదు. పిడిని కిందికీ పైకీ కొడితే నూనె ఒత్తిడితో సరుకు జానెడు ఎత్తు లేస్తుంది. లాక్కుపోవడమే. కొత్తవాళ్ళు మొదట నేర్చుకునేది ఇదే.

స్టాకర్: బ్యాటరీతో నడుస్తుంది. మనిషి వెంట నడుస్తూగానీ, చిన్న పీట మీద నిలబడిగానీ నడుపుతాడు. తక్కువ ఎత్తు అరలకు పనికొస్తుంది.

ఫోర్క్‌లిఫ్ట్: ముందు రెండు ఇనుప నాలుకలు, వెనక పెద్ద ఇనుప దిమ్మ. మనిషి కూర్చుని నడుపుతాడు. డీజిల్, గ్యాసు, బ్యాటరీ రకాలున్నాయి.

రీచ్ ట్రక్కు: ఇరుకు సందుల్లో తిరిగి, బాగా ఎత్తున్న అరల్లోకి నాలుకలు చాచి సరుకు పెడుతుంది. దీనికి విడిగా తర్ఫీదు కావాలి.

పాలెట్ అంటే సరుకు పేర్చే చెక్క పలక. బండి నాలుకలు దాని కిందికి దూరి లేపుతాయి.

ఏతం తెలిసినవాడికి ఈ బండి తెలుస్తుంది

మన తాతలు ఏతంతో నీళ్ళు తోడేవారు. ఒక కొసన బాన, ఇంకో కొసన బరువు. రెండిటికీ నడుమ ఆనుకునే దుంగ. ఫోర్క్‌లిఫ్ట్ కూడా అంతే. ముందు చక్రాల ఇరుసే ఆ దుంగ. దానికి ముందు సరుకు, వెనక ఇనుప దిమ్మ. సరుకు బరువు మితిమీరితే వెనక చక్రాలు నేల విడిచి పైకి లేస్తాయి. ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలు బిగుసుకుంటాయి చూడండి, ఆ సూత్రమే.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. సరుకు ఎంత బరువు అన్నదే కాదు, అది ఎంత దూరంలో ఉన్నదీ లెక్కే. బండి మీద ఒక రేకు బిళ్ళ ఉంటుంది. దాని మీద 'ఇన్ని కిలోలు, ఇంత దూరంలో' అని రాసి ఉంటుంది. సాధారణంగా ఆ దూరం 500 మిల్లీమీటర్లు, అంటే 50 సెంటీమీటర్లు. నాలుకల మొదలు నుంచి సరుకు నడిమధ్యకు ఉన్న దూరమది.

ఒక లెక్క చూద్దాం. బిళ్ళ మీద 50 సెంటీమీటర్ల దగ్గర 2,000 కిలోలు అని ఉంది. ఇరుసు నుంచి నాలుకల మొదలుకు 45 సెంటీమీటర్లు అనుకుందాం. మొత్తం 95. దాన్ని 2,000తో హెచ్చవేస్తే 1,90,000. ఇప్పుడు పొడుగాటి సరుకు వచ్చింది, దాని నడిమధ్య 75 సెంటీమీటర్ల దూరాన ఉంది. 45, 75 కలిపితే 120. 1,90,000ను 120తో భాగిస్తే సుమారు 1,580. చూశారా? అదే బండి, అదే నాలుకలు, సరుకు పాతిక సెంటీమీటర్లు ముందుకు జరిగేసరికి మోయగల బరువు 400 కిలోల పైచిలుకు తగ్గింది. సరుకును ఎత్తుకు లేపినకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఇది అర్థం కావడానికి చెప్పిన లెక్క మాత్రమే. పనిలో మాత్రం బిళ్ళ మీద ఉన్నదే వేదం.

ఇంకొకటి. ట్రాక్టరు ముందు చక్రాలతో తిరుగుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది. మలుపులో బండి తోక బయటికి ఊగుతుంది. ట్రాక్టరు అలవాటున్న మన కుర్రాళ్ళు మొదటి వారం ఇక్కడే పొరపడతారు. వెనక నిలబడ్డ మనిషికి ఆ తోక తగిలితే ఆ ఇనుప దిమ్మ దెబ్బకు కాళ్ళు నుజ్జవుతాయి. సాధారణంగా ఫోర్క్‌లిఫ్ట్ మోసే సరుకు కన్నా దాని సొంత బరువే ఎక్కువ ఉంటుందని మరవొద్దు.

ప్రాణం మీదికి వచ్చే తప్పులు

నేర్పేవాడు ఈ కింది సంగతులు చెప్పి, చేయించి చూపకపోతే అది శిక్షణ కాదు.

1. సరుకుతో పోయేటప్పుడు నాలుకలు నేలకు జానెడు లోపు ఎత్తులో, కొంచెం వెనక్కి వాలి ఉండాలి. సరుకు పైకెత్తి పెట్టుకొని మలుపు తిరిగితే బండి పక్కకు ఒరిగిపోతుంది.

2. వాలు మీద సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. అంటే సరుకుతో ఎక్కేటప్పుడు ముందుకు పోవాలి, దిగేటప్పుడు వెనక్కి దిగాలి. ఖాళీ బండి అయితే దీనికి తిరకాసు, నాలుకలు దిగువకు ఉండాలి. వాలు మీద బండి తిప్పనే కూడదు.

3. సరుకు ఎత్తుగా ఉండి ముందు దారి కనపడకపోతే, వెనక్కి చూస్తూ వెనక్కి నడపాలి. మూల మలుపు దగ్గర హారన్ కొట్టి ఆగి పోవాలి.

4. నాలుకల మీద మనిషిని ఎక్కించి పైకి లేపకూడదు. "ఒక్క నిమిషం పనే" అని ఎవరు చెప్పినా వినొద్దు. లేచిన నాలుకల కింద నిలబడకూడదు, నడవకూడదు.

5. కూర్చుని నడిపే బండి ఒరుగుతుంటే దూకకండి. దూకినవాడి మీదే బండి పైకప్పు పడుతుంది. సీటు బెల్టు పెట్టుకొని, స్టీరింగు గట్టిగా పట్టుకొని, పాదాలు తన్నిపెట్టి, బండి పడే వైపుకు ఎదురు వైపు వాలాలి. నిలబడి నడిపే బండ్లలో కొన్నిటికి పద్ధతి వేరు. ఏ బండికి ఏది అన్నది అడిగి తెలుసుకోండి.

6. బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది భగ్గున అంటుకుంటుంది. ఆ గదిలో బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. గాలి ఆడాలి. డీజిల్ బండిని తలుపులు మూసిన గోదాములో నడిపితే పొగలోని విషవాయువు మనిషిని మత్తుగా పడగొడుతుంది.

7. దిగేటప్పుడు నాలుకలు పూర్తిగా నేలకు దించి, బ్రేకు వేసి, తాళం తీసుకొని దిగాలి.

పొద్దున్నే బండి ఎక్కేముందు టైర్లు, బ్రేకు, హారన్, గొలుసులు, నాలుకల్లో పగుళ్ళు, నూనె కారడం చూసుకోవాలి. అరక కట్టేముందు కాడి, పలుపులు చూసుకోమా? ఇదీ అంతే. లోపం ఉంటే రాతపూర్వకంగా చెప్పి, బాగయ్యేదాకా నడపకండి.

సర్టిఫికెట్ అంటే ఏది?

ఇక అసలు విషయానికి వద్దాం. మూడు రకాల కాగితాలున్నాయి. ఒకదానికొకటి సాటిరావు.

మొదటిది ప్రభుత్వ గుర్తింపు ఉన్న నైపుణ్య సర్టిఫికెట్. గోదాములు, రవాణా పనులకు లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అనే సంస్థ ఉంది. జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద పాఠ్యాంశాలు పెట్టి, పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తుంది. ఇందులో కీలకం ఏమంటే, నేర్పిన కేంద్రమే మార్కులు వేసుకోదు. బయటి పరీక్షకులు వచ్చి చూస్తారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నడిచే కోర్సులకు అభ్యర్థి ఫీజు కట్టనక్కర లేదు. ఇప్పటికే గోదాముల్లో పని చేసి, చేతి పని వచ్చి, కాగితం లేనివారికి 'పూర్వ అనుభవ గుర్తింపు' అనే పద్ధతి ఉంది. హమాలీలకు, హెల్పర్లకు ఇది మంచి దారి. యంత్రం వచ్చి తమ కూలి తగ్గిందని బాధపడే హమాలీలే ఆ యంత్రం ఎక్కగలిగితే అంతకన్నా కావలసిందేమిటి?

రెండోది కంపెనీ ఇచ్చే అనుమతి కార్డు. మీ దగ్గర ఎంత మంచి సర్టిఫికెట్ ఉన్నా, బాధ్యత తెలిసిన గోదాములో తమ బండి మీద తామే నడిపించి చూసి, తరువాతే కార్డు ఇస్తారు. అది ఆ గోదాముకు, ఆ రకం బండికే చెల్లుతుంది. అమెరికాలో అయితే 1999 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం యజమానే పాఠం చెప్పించి, బండి నడిపించి, పరీక్షించి, రాసి ఇవ్వాలి. కనీసం మూడేళ్ళకోసారి మళ్ళీ చూడాలి. కేవలం పాఠం విన్నంత మాత్రాన అక్కడ ఆపరేటరు కాలేడు. మన దగ్గరా ఇదే నీతి పాటించాలి.

మూడోది అంగడి కాగితం. డబ్బు కట్టిన రోజే చేతికొస్తుంది. పైన చెప్పిన రైతు కొన్నది ఇదే.

డ్రైవింగ్ లైసెన్సు సంగతి కూడా చాలామంది అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ఫ్యాక్టరీలోనో, ప్రహరీ ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక బండి 'మోటారు వాహనం' కిందికి రాదు. బండిని రోడ్డెక్కిస్తే మాత్రం లెక్క వేరు. అయినా లైట్ మోటారు వాహనం లైసెన్సు ఉన్నవాడికి పనిలో మొగ్గు ఉంటుంది. ముందు అది తీసుకోవడం మంచిది. 18 ఏళ్ళు నిండకుండా పిల్లల్ని ఈ పనికి పంపకండి.

చేరేముందు ఈ ప్రశ్నలు అడగండి

ఎడ్లను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, అరక కట్టి నడిపించి చూస్తాం. శిక్షణ కేంద్రాన్నీ అలాగే చూడాలి.

• సర్టిఫికెట్ మీద ఏ సంస్థ పేరు ఉంటుంది? దాని క్యూఆర్ గుర్తును ఫోనుతో చూస్తే వివరాలు వస్తాయా?

• పాఠం ఎన్ని గంటలు, బండి మీద ఎన్ని గంటలు? ఒక బండికి ఎంతమంది?

• బండి కేంద్రంలోనే ఉందా? ఇప్పుడు చూపిస్తారా? నడిచే స్థితిలో ఉందా?

• పరీక్ష ఎవరు పెడతారు? తప్పితే మళ్ళీ అవకాశం ఉందా?

• కోర్సుకు చదువు అర్హత ఏమిటి?

• ఇంతకు ముందు నేర్చుకున్నవారు ఇద్దరితో మాట్లాడిస్తారా?

"బండి రేపు వస్తుంది, ముందు డబ్బు కట్టండి" అంటే లేచి వచ్చేయండి. "ఉద్యోగం గ్యారంటీ" అని నోటితో చెప్పినదానికి విలువ లేదు. ఇంకో మాట, డబ్బు కట్టవలసి వస్తే రసీదు లేకుండా కట్టొద్దు.

వీలైతే యాసంగి కోతలు అయ్యాక, రోహిణి కార్తె లోపల ఉన్న ఖాళీ రోజుల్లో చేరండి. విత్తనాల వేళ చేరితే ఇటు పొలం, అటు పాఠం రెండూ చెడతాయి.

పనిలో చేరాక

చాలాచోట్ల పని లేబర్ కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. నియామక పత్రం అడగండి. నెల జీతం 21 వేల రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ వైద్య సదుపాయానికి అర్హత ఉంటుంది. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతంలో కోత పడుతున్నా ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ నంబరు చేతికి రాకపోతే అడగాల్సిందే. ఇనుము నడుమ చేసే పని ఇది, రేపు దెబ్బ తగిలితే ఆ నంబరే ఆదుకుంటుంది.

మొదటి రోజే ఫోర్క్‌లిఫ్ట్ ఇవ్వలేదని నిరాశ పడొద్దు. పాలెట్ ట్రక్కు లాగుతూ, సరుకు పేరుస్తూ ఆరు నెలలు ఉంటే గోదాము దారులు, సరుకు గుణం, బండ్ల నడక అన్నీ కంటికి అలవాటవుతాయి.

గల్ఫ్ పోవాలనుకుంటే

మన జిల్లాల్లో గల్ఫ్ మాట రాకుండా ఏ పని గురించీ మాట్లాడలేం. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ లైసెన్సు కాదు. దుబాయిలో ఫోర్క్‌లిఫ్ట్‌కు అక్కడి రవాణా సంస్థ విడిగా లైసెన్సు ఇస్తుంది. ఇక్కడి కాగితం మీ అనుభవానికి సాక్ష్యం మాత్రమే.

1983 వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు ద్వారానే పోవాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉన్నదో లేదో చూడండి. ఏజెంటు తన సేవకు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడు చట్టం తప్పుతున్నట్టే. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. వారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. విజిట్ వీసా మీద పోయి పని చేయడం అంటే తెలిసి తెలిసి ఊబిలో దిగడమే. ఒప్పంద పత్రంలో 'ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్' అని ఉన్నదా, 'లేబర్' అని ఉన్నదా చదివించుకోండి. అక్కడికి పోయాక ఆ ఒక్క మాటే జీతం నిర్ణయిస్తుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ ప్రభుత్వం తరఫున విదేశీ ఉద్యోగాలకు పంపే సంస్థలు. ముందు అక్కడ అడిగి, తరువాతే బయట అడుగు వేయండి.

ఊళ్ళో గోదాముకూ పనికొస్తుంది

ఈ విద్య పట్నానికే కాదు. సహకార సంఘానికో, రైతు ఉత్పత్తిదారుల సంఘానికో గోదాము ఉంటే పాలెట్లు, చేతి పాలెట్ ట్రక్కు సమకూర్చుకోవచ్చు. బస్తాలు నేలకు తగలకుండా పాలెట్ల మీద ఉంటే చెమ్మ పట్టదు, ఎలుకల జాడ తెలుస్తుంది, గాలి ఆడుతుంది. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. గుంతల నేల మీద ఈ బండి కదలదు. ఊళ్ళో ఒక్క పిల్లవాడికి పని వచ్చినా అందరి పంటకు మేలు.

ఆ రైతుకు మేం చెప్పింది

మొదట, మోసపోయిన సంగతి దాచుకోక రసీదు, కాగితం పట్టుకొని పోలీసులకు, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చెయ్యమన్నాం. రెండు, పిల్లవాణ్ణి గోదాములో హెల్పరుగా చేర్చి, అనుభవం వచ్చాక గుర్తింపు ఉన్న పరీక్షకు పంపమన్నాం. మూడోది, పిల్లవాణ్ణి తిట్టొద్దని చెప్పాం.

ఎందుకంటే, ఆ రోజు అతను సిగ్గుపడి, నాన్న గేదెను అమ్మాడని తలచుకొని, రాని పని వచ్చినట్టు నటించి బండి ఎక్కి ఉంటే? రెండో అరలోని టన్ను సరుకు అతని మీదో, కింద నిలబడ్డ ఇంకొక ఇంటి బిడ్డ మీదో పడేది. "నాకు రాదు సార్" అన్న ఆ ఒక్క మాటతో అతను ఆపరేటరు నేర్వవలసిన మొదటి పాఠం నేర్చుకున్నాడు. మిగతా పాఠాలు నేర్పేవాళ్ళున్నారు. గేదెను మళ్ళీ కొనుక్కోవచ్చు.